పాదమును చేరిన నూలుపోగు

వైశాఖ, ఆశ్వయుజ మాసములందు ద్వారకాతిరుమలలో స్వామివారికి ఏటేట రెండుమారులు తిరుకల్యాణ మహోత్సవములు జరుగునప్పుడు, ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, కొల్లేటి లంకలనుండియు తరలివచ్చిన యాత్రికులు మెట్లక్రింద విడిచిపోవు పాదరక్షల రాశిని నిదానించి చూచినవారికి, తోలుచెప్పులసరసన గుడ్డతో చేసిన జోళ్లు విరివిగా కానవచ్చును. పూర్వము చర్మకారుని కత్తికిని ఆరెకును మాత్రమే లోబడియుండిన పాదరక్షకు మగ్గమును, అల్లికసూదియు ఎట్లు తోడుపడినవో తెలియగోరువారు ఆ చరిత్రకై దూరదేశములు వెదకనక్కరలేదు. పోగును గుడ్డగా మలచు విద్యలలో మిక్కిలి సూక్ష్మమైనవి రెండు, ఏలూరి తివాచీ నేతయు నరసాపురపు లేసు అల్లికయు, 2022 వరకు ఒకే జిల్లాగా నుండిన ఈ పశ్చిమగోదావరి సీమయందే తరతరములుగా వర్ధిల్లినవి.

పడుగును పేకయు ఒకదానినొకటి దాటుచు సాగు సాదానేత అన్నిటికంటె సరళమైనది. కొల్లేటి ప్రాంతమున తుంగచాప నేయు చేతికిని, క్యాన్వాసు నేయు మగ్గమునకును సూత్ర మొక్కటే. ఈ నేత పోగుల వెంబడి లాగినప్పుడు కదలక నిలుచును, ఏటవాలుగా లాగినప్పుడు మాత్రమే సాగును. కావున జోడు పైభాగమునకై దానిని ముక్కలుగా కత్తిరించి, అంచులు పీచు లేవకుండ పట్టీ వేసి, కొయ్య అచ్చుమీద బిగించి కుట్టవలసివచ్చును.

ఏలూరి తివాచీ కథ వేరు. చెన్నపట్టణపు ఆంగ్ల గవర్నరైన స్ట్రైన్‌షాం మాస్టర్ 1679లో ఈ త్రోవను పోవుచు ఏలూరిలో ఆగి, పారసీక దేశపు పద్ధతిని తివాచీలు నేయు కుటుంబములను చూచి, తమ పెద్దలు నూరేండ్లకు మించిన కాలము క్రిందట ఇచ్చటికి వచ్చిరని వారు చెప్పగా విని తన దినచర్యలో వ్రాసికొనెను. నిలువుమగ్గముమీద ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల ప్రాయపు బాలురు ముడులు వేయుచుండగా, కాగితముపై గీసిన నమూనాను చేతబట్టిన పెద్దవాడొకడు మగ్గము వెనుక నిలిచి ఏ రంగు ఉన్ని పెట్టవలెనో చెప్పుచుండినట్లు ఆతడు వర్ణించిన తీరు చదువునప్పుడు, అంత చిన్నప్రాయపు వ్రేళ్లతో నేయించిన ఆ సౌందర్యమును తలచుకొని నా మనస్సు సంతోషించుటయు, నొచ్చుటయు ఏకకాలముననే జరుగును. తివాచీకి పడుగుపేకలు కేవలము ఎముకలగూడు వంటివి. పారసీకపు ముడియందు ఉన్నిపోగు ఒక పడుగుదారమును పూర్తిగా చుట్టి, ప్రక్కదారము వెనుకగా పోయి పైకి వచ్చును. తుర్కీ ముడియందు రెండు దారములను పైనుండి కలియజుట్టి, కొనలు రెండును వాని నడుమనుండి వెలికివచ్చును. ఒక వరుస ముడులు ముగిసిన పిమ్మట పేకను త్రోసి, దువ్వెనవంటి పనిముట్టుతో గట్టిగా అణచి, కొనలను సమముగా కత్తిరింతురు.

ఇట్లు అడుగునకు పరుపైన తివాచీ అడుగుమీదికిని ఎక్కినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండునందు తివాచీగుడ్డతోనే పైభాగము కుట్టిన మెత్తని జోళ్లను ఇండ్లలో తొడుగుకొనిరి. అయినను అవి వీథికి పనికివచ్చునవి కావు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును కాచి దృఢపరచు మార్గము కనుగొనిన తరువాతనే, నీటికిని ఎండకును తాళు అడుగు ఏర్పడి, దానిపై క్యాన్వాసు నిలువగలిగెను. మన బడిపిల్లలు డ్రిల్లుకు తొడుగుకొనిన తెల్లని బాటా జోళ్లు ఆ వంశమునకు చెందినవే.

గుడ్‌ఇయర్ తన పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందిన 1844వ సంవత్సరమే, స్కాట్లండు దేశీయులైన మాక్రే మిషనరీ దంపతులు నరసాపురపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిన కాలమని చెప్పుదురు. ఇక్కడ మగ్గము లేదు, పడుగు లేదు. కొక్కెపుసూది ఒక్కటియు, నూలుండ ఒక్కటియు చాలును. ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుచు గొలుసు పెంచి, ఒక కన్నులో రెండు కుట్లు వేసిన అల్లిక విప్పారును, రెండు కన్నులను కలిపి ఒకటిగా ముగించిన ముడుచుకొనును. అందుచేత కత్తెర తాకకయే పువ్వు, గిన్నె, టోపీ ఏ రూపమైనను చేతిలోనే సిద్ధించును. 1589లో విలియం లీ కనిపెట్టిన మేజోళ్ల యంత్రమునను ఉచ్చులే గుడ్డ యగును గాని, అందు అనేక ఉచ్చులు ఒకేసారి సూదులమీద నిలుచుటవలన ఒకటి జారిన నిలువున చాలుగా విడివడును. లేసులో ప్రతికుట్టును అప్పటికప్పుడే ముగియుటచే ఆ భయము స్వల్పము.

2012లో నైకీ, అడిడాస్ సంస్థలు జోడు పైభాగమును ముక్కలుగా కత్తిరింపక, మడమయొద్ద దట్టముగను, వ్రేళ్లపై గాలి యాడునట్లు పలుచగను యంత్రముమీద అల్లి చూపినప్పుడు లోకము దానిని నూతనావిష్కారమని కొనియాడెను. ఆ యంత్రముల నైపుణ్యమును నేను తక్కువ చేయను. కాని చోటునుబట్టి సాంద్రత మార్చి, రూపమును అల్లికలోనే తీర్చు బుద్ధి నరసాపుర పరిసరములలో అరుగులమీద కూర్చుండి లేసు అల్లు స్త్రీలకు ఎంతకాలమునుండియో చేతికి అలవడి యున్నది. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున, ప్రపంచపు విపణికి సరకు చేయుచున్నను వీరిని గృహిణులుగానే లెక్కించి, వారి శ్రమను తీరికవేళ పనిగా భావించి, అత్యల్పమైన కూలి నిచ్చుచుండిరని నిరూపించినది. ఆ పుస్తకమును చదివినపిదప, ఈ అల్లికను బల్లగుడ్డలకును దిండుగలీబులకును పరిమితము చేసి, దానికి తగిన వెల పలుకుటలేదని వాపోవుట నాకు న్యాయముగ తోచదు.

ఈ అల్లికతోనే జోళ్లు చేయవచ్చును. లేసునూలు సన్నము గనుక పాదమునకై పేనిన ముతకదారము కావలెను, రాపిడి పడు మడమకును వ్రేళ్లచివరకును లోపల అస్తరు వేయవలెను, అడుగును కలుపు అంచున అల్లిక సాగకుండ నేతపట్టీ కుట్టవలెను. ఇవి తీరని చిక్కులు కావు. తడ సమీపమున మాంబట్టులో విదేశీ సంస్థలకు జోళ్లు సిద్ధపరచు అపాచీ కర్మాగారము ఈ రాష్ట్రముననే యున్నది. మన వస్త్రవిద్యాలయములు ఒక నమూనాకారుని నరసాపురమునకు పంపి, అల్లు స్త్రీ ప్రక్కన కూర్చుండబెట్టి, కొయ్య అచ్చును ఆమె చేతికిచ్చి, గంట కూలిని ముందుగా నిశ్చయించి పని మొదలిడవలెను.