గేర్‌బాక్స్ పోయిందా, లేక దానికి తప్పు కబురు అందిందా? పాత ఫోర్ బై ఫోర్ వెనక 120 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం ఆయిల్ వాసన కొడుతుంది, ముందే చెప్తున్నా.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా మావయ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాడు. ఆటోమేటిక్. విజయనగరంలో మా వీధి మొత్తంలో క్లచ్ పెడల్ లేని బండి అదొక్కటే. ఒక ఆదివారం ఆరుగురం ఎక్కి అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక బండి నీరసపడిపోయింది. మావయ్య యాక్సిలరేటర్ కిందికంటా తొక్కినా పికప్ లేదు. తర్వాత ఒక మలుపులో ఇంజిన్ గయ్యిమని అరిచింది, బండి మాత్రం కదల్లేదు. కాలిన వాసన. మా అత్తయ్య దిగి వెనక చక్రాలకి రాళ్లు పెట్టింది.

షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ పది నిమిషాలు చూసి "గేర్‌బాక్స్ పోయిందండీ" అన్నాడు. చెప్పిన ఖర్చు బండి ఖరీదులో సగం. మావయ్య బెంగపడి, వచ్చిన రేటుకి అమ్మేశాడు. రెండు నెలల తర్వాత కొన్నాయన ఫోన్ చేశాడు. బండి బ్రహ్మాండంగా ఉందట, ఘాట్ కూడా ఎక్కేసిందట. ఏం మార్చారు అంటే, "ఒక కేబుల్ లూజుగా ఉంది, సెట్ చేసి ఆయిల్ మార్చాం" అన్నాడు. అంతకుముందు వారం యాక్సిలరేటర్ కేబుల్ మార్పించినప్పుడు, దాని పక్కనే గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుల్‌ని ఎవరో సరిగ్గా బిగించలేదు. అంతే.

ఇంజిన్ దగ్గర ఉన్న ఒక కేబుల్ లూజైతే గేర్‌బాక్స్ పోయినట్టు ఎందుకు అనిపించింది? బీటెక్ అయిపోయి, నాలుగేళ్లు కోడ్ రాశాక గానీ నాకు ఇది అర్థం కాలేదు. దాని జవాబు కోసం మనం 1905కి వెళ్లాలి.

అప్పట్లో కార్లకి కాదు, ఓడలకి ఒక సమస్య ఉండేది. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది. నీళ్లలో ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. ఈ రెండింటినీ కలపడం ఎలా? స్టెటిన్‌లో, అంటే ఇప్పటి పోలండ్‌లోని ష్చెచిన్‌లో, వల్కాన్ అనే ఓడల కంపెనీలో పనిచేసే హెర్మాన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజినీర్ 1905లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా? గాలి బదులు ద్రవం పెట్టండి. అదే ఫ్లూయిడ్ కప్లింగ్. మధ్యలో స్టేటర్ అనే ఇంకో చక్రం పెట్టి, తిరిగొచ్చే ద్రవాన్ని సరైన దిశలోకి మళ్లిస్తే తిప్పే బలం కూడా పెరుగుతుంది. అదే టార్క్ కన్వర్టర్.

ఇది కార్లలోకి రావడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజినీర్ ఎర్ల్ థాంప్సన్, అంతకుముందు 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ గేర్లు ఈయన ఆలోచనే, తన టీమ్‌తో కలిసి హైడ్రామాటిక్ తయారుచేశాడు. 1939లో ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్ కార్లలో ఇచ్చారు. ముందుకి నాలుగు గేర్లు, క్లచ్ పెడల్ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టూవర్ట్ లాంటి తేలికపాటి ట్యాంకుల్లో కూడా ఇదే వాడారు. 1948లో బ్యూక్ డైనాఫ్లో టార్క్ కన్వర్టర్‌తో వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అప్పటి కార్లలో కంప్యూటర్ లేదు, చిప్ లేదు. మరి ఏ గేర్ వెయ్యాలో ఎవరు నిర్ణయించేవారు? ఆయిలే!

గేర్‌బాక్స్ అడుగున వాల్వ్ బాడీ అని ఒకటి ఉంటుంది. చీమల పుట్టని అడ్డంగా కోసినట్టు ఉంటుంది, అన్నీ సన్నటి దారులు, చిన్న వాల్వులు, స్ప్రింగులు. దానికి ముఖ్యంగా రెండు ఇన్‌పుట్లు. ఒకటి, బండి ఎంత వేగంగా వెళ్తోంది. గవర్నర్ అనే భాగం వేగాన్ని బట్టి ఆయిల్ ప్రెషర్ పెంచుతుంది. రెండోది, డ్రైవర్ కాలు ఎంత బలంగా అడుగుతోంది. ఒక వాల్వుని వేగం ఒక పక్క నుంచి, కాలు ఇంకో పక్క నుంచి నెడతాయి. వేగం గెలిస్తే పై గేర్. కాలు గెలిస్తే కింది గేర్. ఇది అచ్చంగా ఇఫ్-ఎల్స్! మనం జావాలో రాసేదాన్ని వాళ్లు ఆయిల్‌తో రాశారన్నమాట.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇక్కడే బల్బు వెలగాలి. ఇన్‌పుట్ తప్పయితే ప్రోగ్రాం ఎంత బాగున్నా అవుట్‌పుట్ తప్పే. కాలు సంగతి గేర్‌బాక్స్‌కి చేరేది రెండు దారుల్లో. ఒకటి కేబుల్. రెండోది వ్యాక్యూమ్ గొట్టం. ఈ రెండూ ఇంజిన్ దగ్గరే మొదలవుతాయి. మా మావయ్య బండిలో కేబుల్ లూజు. ఆయన కాలు కిందికంటా ఉన్నా, గేర్‌బాక్స్‌కి మాత్రం "డ్రైవర్ తీరిగ్గా వెళ్తున్నాడు" అని కబురు అందింది. అందుకే పై గేర్ వేసేసి, కింది గేర్‌కి దిగలేదు. దానికి తోడు ఆయిల్ ప్రెషర్ కూడా తక్కువే ఇచ్చింది. ప్రెషర్ చాలకపోతే లోపలి క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టవు, జారతాయి. ఇంజిన్ అరిచింది, వాసన వచ్చింది అందుకే. ఇంకో వంద కిలోమీటర్లు అలాగే తోలి ఉంటే నిజంగానే కాలిపోయేవేమో.

సరే, ఇది ఫోర్ వీల్ డ్రైవ్‌లోకి ఎప్పుడొచ్చింది? యుద్ధం నాటి జీప్ మాన్యువలే. 1963 మోడల్‌గా వచ్చిన జీప్ వ్యాగనీర్, ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు ఆటోమేటిక్ కూడా ఇచ్చిన తొలి బండ్లలో ఒకటి. 1973లో జీప్ వాళ్లు క్వాడ్రా-ట్రాక్ అని ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే పద్ధతి తెచ్చారు, దానికి జత జనరల్ మోటార్స్ టర్బో హైడ్రామాటిక్ 400. ఇంగ్లండ్‌లో 1970లో రేంజ్ రోవర్ మాన్యువల్‌గానే మొదలైంది. కంపెనీ నుంచి ఆటోమేటిక్ వచ్చింది 1982లో. అది క్రైస్లర్ మూడు గేర్లది. తర్వాత 1985లో జర్మనీ జడ్‌ఎఫ్ నాలుగు గేర్లది. ఆ జడ్‌ఎఫ్ 4హెచ్‌పీ22లో కాలు సంగతి చెప్పేది కేబులే.

కానీ ఆ టర్బో హైడ్రామాటిక్ 400 వాడింది వ్యాక్యూమ్. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీస్తే లోపల వ్యాక్యూమ్ ఎక్కువ, తొక్కితే తక్కువ. ఆ సంగతిని ఒక గొట్టం ద్వారా మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాకి పంపుతారు. డబ్బాలో ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆ పొర చిరిగిందనుకోండి, ఇంజిన్ అదే గొట్టంలోంచి గేర్‌బాక్స్ ఆయిల్‌ని పీల్చేస్తుంది! సైలెన్సర్లోంచి తెల్లటి పొగ. గేర్‌బాక్స్ ఆయిల్ రోజురోజుకీ తగ్గుతుంది, బండి కింద మాత్రం ఒక్క చుక్క పడదు. గేర్లు ఆలస్యంగా, దబ్బుమని పడతాయి. పొగ చూసినవాడు ఇంజిన్ పోయింది అంటాడు. కుదుపు చూసినవాడు గేర్‌బాక్స్ పోయింది అంటాడు. పోయింది మాత్రం అరచేతిలో పట్టే డబ్బా.

అందుకే పాత మెకానిక్కులు ఏదీ విప్పకముందు ఒక వరస పాటించేవారు. అది ఇప్పటికీ పనికొస్తుంది, చూడండి.

ముందు ఆయిల్. డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడవాలి. చాలా బండ్లలో కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. ముదురు గోధుమ రంగులో, కాలిన వాసనతో ఉంటే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. రోజ్ మిల్క్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలే కాబట్టి, అక్కడ లీకైతే రెండూ కలిసిపోతాయి. వాగులు దాటే ఫోర్ బై ఫోర్లలో గాలి గొట్టంలోంచి కూడా నీళ్లు చేరొచ్చు. ఆయిల్ తక్కువుంటే ఎత్తు ఎక్కేటప్పుడు పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

రెండు, ఆ కేబుల్ లేదా గొట్టం. ఇది చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు.

మూడు, ఆర్‌పీఎం ముల్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు పైకి లేస్తోంది, వేగం మాత్రం పెరగట్లేదు అంటే లోపల జారుతోంది. ముల్లే లేవట్లేదు అంటే, లివర్‌ని చేత్తో 2లోకో ఎల్‌లోకో వేసి చూడాలి. అప్పుడు బండి హాయిగా లాగితే ఇంజిన్ బాగున్నట్టే, గేర్ నిర్ణయంలోనే తేడా. అప్పటికీ లాగకపోతే ఇంజిన్ వైపు వెళ్లాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం చిరగడం, సైలెన్సర్ లోపల అడ్డుపడటం, బ్రేకులు పట్టేసి ఉండటం. ఫిల్టర్ మూసుకుపోయిన బండి సమంగా ఉన్న రోడ్డు మీద బాగానే పోతుంది, ఎత్తు రాగానే చతికిలబడుతుంది. అచ్చం గేర్‌బాక్స్ పోయినట్టే!

నాలుగు, స్టాల్ టెస్ట్. ఫ్యోటింగర్ ఆలోచనలోంచి నేరుగా పుట్టిన పరీక్ష ఇది. బ్రేకులు గట్టిగా వేసి, డీలో పెట్టి, ఐదు సెకన్లు మించకుండా పూర్తిగా తొక్కుతారు. ఒక ఫ్యాన్ తిరుగుతోంది, రెండోదాన్ని మనం పట్టుకున్నాం. ఇంజిన్ ఒక ఆర్‌పీఎం దగ్గర ఆగిపోవాలి, ఆ అంకె ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. దానికంటే పైకి పోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. కిందే ఆగిపోతే ఇంజిన్ బలహీనం, లేదా బాగా కింద ఆగితే కన్వర్టర్‌లో స్టేటర్ పట్టు తప్పింది. దయచేసి ఇది మీరు ఇంట్లో ట్రై చెయ్యకండి. ఆయిల్ క్షణాల్లో మరిగిపోతుంది, బ్రేక్ జారితే ఎదురుగా ఉన్న మనిషి పోతాడు. తెలిసిన మెకానిక్ మాత్రమే చెయ్యాలి. చివరగా ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తారు. ఇవన్నీ అయ్యాకే స్పానర్.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. అయితే, పీ0700 అంటే "గేర్‌బాక్స్ కంట్రోల్ ఏదో తప్పు గమనించింది" అని మాత్రమే. పీ0730 అంటే గేర్ నిష్పత్తి తేడాగా ఉందని. ఎందుకు అన్నది అందులో ఉండదు. కోడ్‌లో ఎర్రర్ లైన్ నంబర్ చూసి బగ్ అక్కడే ఉందనుకున్న ప్రతి ఫ్రెషర్‌కీ ఈ బాధ తెలుసు, నాకూ తెలుసు. కంప్యూటర్‌కి అనుమానం వస్తే గేర్‌బాక్స్‌ని కాపాడటానికి ఒకే గేర్‌లో ఆపేస్తుంది, దాన్నే లింప్ మోడ్ అంటారు. ఒక సెన్సర్ వైరు తెగినా బండి ఎడ్లబండి అయిపోతుంది. కేబుల్ పోయి వైరొచ్చింది, కథ మాత్రం అదే.

ఇది చరిత్ర ఎపిసోడ్ ఎందుకయ్యిందంటే, ఆ షెడ్డు మెకానిక్ మోసం చేశాడని నేననుకోను. ఆయన మాన్యువల్ బండ్ల మధ్య పెరిగినవాడు. మాన్యువల్‌లో ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, మధ్యలో నిర్ణయం మనిషిది. ఆటోమేటిక్‌లో ఆ నిర్ణయం పెట్టెలోకి వెళ్లిపోయింది, ఇంజిన్ చెప్పే మాట మీద ఆధారపడింది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, మావయ్యకీ ఎవరూ చెప్పలేదు. ఆ మాట తెలియక ఒక బండి చెయ్యి మారిపోయింది.

మీ ఇంట్లో నాన్నకో బాబాయికో పాత ఆటోమేటిక్ ఉంటే, రేపెప్పుడైనా "గేర్‌బాక్స్ పోయింది" అని ఎవరైనా అంటే, మర్యాదగానే మూడు ప్రశ్నలు అడగండి. ఆయిల్ ఏ రంగులో ఉందండీ? కేబుల్ చూశారా? ప్రెషర్ ఎంత వచ్చింది? జవాబులు ఉంటే ఆయన చెప్పింది నమ్మొచ్చు. లేకపోతే ఇంకో షెడ్డు చూడండి.

మొన్న సంక్రాంతికి ఇదంతా మావయ్యకి పేపర్ మీద బొమ్మ గీసి చెప్పాను. చివరిదాకా విన్నాడు. "ఒరే, ఈ మాట అప్పుడే చెప్పుండాల్సింది కదరా" అన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు మావయ్యా!

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఘాట్ రోడ్డు మీద జాగ్రత్త.