మన పాటకు పేరు మనమే పెట్టుకుందాం: ఆర్ట్ ఎన్‌సెంబుల్ ఆఫ్ షికాగో కథ



పోయిన ఏడాది మా హాస్టల్ వార్షికోత్సవానికి ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "తుడుం వద్దు మేడం, అందరూ నవ్వుతారు. డీజే పాట పెట్టుకుంటాం" అంది. నేను కోప్పడలేదు. ఆ వయసులో నాకూ ఆ సిగ్గు ఉండేది. ఆ సాయంత్రం పిల్లలకు చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

ఇది అమెరికాలోని షికాగో నగరంలో జరిగింది. దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతి కుటుంబాలు వివక్షను భరించలేక, పని వెతుక్కుంటూ లక్షలాదిగా ఉత్తరాది నగరాలకు వలస వచ్చాయి. షికాగోలో ఎక్కువమంది సౌత్ సైడ్ ప్రాంతంలో స్థిరపడ్డారు. వాళ్ల పాటలూ వాళ్ల వెంటే వచ్చాయి. 1960ల నాటికి అక్కడి సంగీతకారులకు క్లబ్బుల్లో పని తగ్గిపోయింది. దొరికినచోట యజమాని కోరిందే వాయించాలి.

1965లో ముహల్ రిచర్డ్ ఏబ్రమ్స్, మరికొందరు కలిసి ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నారు. కచేరీలు తామే ఏర్పాటు చేసుకోవాలి, సొంతంగా కూర్చిన సంగీతమే వాయించాలి అన్నది వాళ్ల నియమం. కొద్దికాలానికే పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే బడి కూడా తెరిచారు.

ఆ సంఘంలో పెరిగిన బృందమే ఆర్ట్ ఎన్‌సెంబుల్. రాస్కో మిచెల్, జోసెఫ్ జార్మన్ శాక్సఫోన్, లెస్టర్ బోవీ ట్రంపెట్, మలకై ఫేవర్స్ బాస్ వాయించేవారు. ఉన్న డ్రమ్మర్ వేరే బృందానికి వెళ్లిపోతే వీళ్లు ఆగిపోలేదు. లయ బాధ్యతను నలుగురూ పంచుకున్నారు. గంటలు, ఈలలు, గిలకలు, సైకిల్ హారన్లు, పిల్లల ఆటబొమ్మలు కూడా వాళ్ల చేతిలో వాయిద్యాలయ్యాయి.

1969లో పారిస్ వెళ్లారు. ప్రయాణ ఖర్చులకు బోవీ ఇంట్లో సామాను అమ్మేశాడు. పేరు చివర 'ఆఫ్ షికాగో' అని చేర్చింది అక్కడి నిర్వాహకులే. 1970లో డాన్ మోయే డ్రమ్మర్‌గా చేరడంతో ఐదుగురయ్యారు.

కచేరీకి ముందు తూర్పుకు తిరిగి కాసేపు మౌనంగా నిలబడేవారు. ముగ్గురు ముఖాలకు రంగులు పూసుకుని ఆఫ్రికా దుస్తులు వేసుకునేవారు. బోవీ తెల్లటి డాక్టరు కోటుతో, మిచెల్ మామూలు బట్టలతో వచ్చేవారు. ముందే కూర్చుకున్న పాటలు ఉండేవి. ఒక పాట నుంచి ఇంకో పాటకు వెళ్లే దారిని మాత్రం అప్పటికప్పుడు అల్లుకునేవారు. ఇష్టమొచ్చినట్టు వాయిస్తే అది కుదరదు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో చెవి పెట్టి వినాలి, ఎప్పుడు ఊరుకోవాలో తెలియాలి. దానికి ఏళ్ల సాధన కావాలి. మా ఊళ్లో థింసా ఆడేటప్పుడు డప్పు పట్టిన పెద్దాయన ఆడేవాళ్ల కాళ్లు చూస్తూనే దరువు మార్చేవాడు. అదీ ఇలాంటి విద్యే.

ఇది సంగీతమే కాదన్నవాళ్లూ ఉన్నారు. బయటివాళ్లు దాన్ని 'జాజ్' అన్న ఒక్క మాటలో పెట్టేశారు. వీళ్లు మాత్రం 'గ్రేట్ బ్లాక్ మ్యూజిక్: ఏన్షియంట్ టు ద ఫ్యూచర్' అని తామే పేరు పెట్టుకున్నారు. అంటే ప్రాచీన కాలం నుంచి రేపటి దాకా సాగే గొప్ప నల్లజాతి సంగీతం. బృందం పేరులో ఊరును ఎవరు చేర్చినా, సంగీతం పేరును ఇంకొకరికి వదిలిపెట్టలేదు.

బోవీ 1999లో, ఫేవర్స్ 2004లో, జార్మన్ 2019లో కన్నుమూశారు. అయినా మిచెల్, మోయే కొత్తతరం కళాకారులను కలుపుకుని 2019లో యాభై ఏళ్ల పండుగకు కొత్త ఆల్బమ్ తెచ్చారు.

మన సంగతి చూడండి. అతిథులు వస్తే ఐదు నిమిషాల థింసా, తర్వాత ఫొటోలు. అది ఏ దరువు, ఎవరు నేర్పారు అని అడిగేవారు లేరు. అడిగితే చెప్పగలిగేవాళ్లు మనలో ఎంతమంది?

ఆ అమ్మాయి ఆ ఏడాది డీజే పాటకే ఆడింది. కానీ వేసవి సెలవుల నుంచి తిరిగొచ్చినప్పుడు, వాళ్ల తాత వాయించిన తుడుం దరువులు ఫోనులో రికార్డు చేసి తెచ్చింది. వాటి పేర్లు సొంత భాషలో నోటుబుక్కులో రాసుకుంది. మీరూ ఈ సెలవుల్లో ఒక్క దరువు నేర్చుకుని రండి, దాని పేరుతో సహా.