లంగరు

లంగరు: ఓడ గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోకుండా నీటి అడుగు నేలకు పట్టి ఉంచే సాధనం. పూర్వం తాడు కట్టిన రాళ్లను వాడేవారు. తర్వాత ఇనుప కొక్కేలు వచ్చాయి. వీటి పట్టుకు బరువు కన్నా కొక్కెం నేలలో దిగబడటమే ముఖ్య కారణం. గొలుసును సాధారణంగా నీటి లోతుకు 5 నుంచి 7 రెట్లు వదులుతారు. అప్పుడు లాగుడు అడ్డంగా పడి కొక్కెం మరింత దిగుతుంది. నిలువుగా లాగితే ఊడివస్తుంది.

తొలి క్రైస్తవులకు లంగరు ఆశకు చిహ్నం. 2022 సెప్టెంబరు 2న ఆవిష్కరించిన భారత నౌకాదళ పతాకంలోనూ లంగరు ఉంది.

లంగరుకు ఇంగ్లీషు మాట యాంకర్; ఆ మాటను వేరే వాటికీ వాడతారు. కట్టడాల్లో యంత్రాలను, స్తంభాలను కాంక్రీటుకు బిగించేవి యాంకర్ బోల్టులు. టీవీ కార్యక్రమాన్ని నడిపించే వ్యాఖ్యాతనూ యాంకర్ అంటారు.