బదిలీలో బదులు

ఖిల్లా ఘణపూర్ అన్న పేరులో మూడు కాలాలు పక్కపక్కన కూర్చున్నాయి. ఖిల్లా అరబ్బీ మాట. పారశీకం, ఉర్దూల మీదుగా మన నోటికి వచ్చింది. పూర్ అన్నది సంస్కృతపు పురం. నడుమ ఉన్న ఘణ ఒక మనిషి పేరు. గోన వంశపు గణపరెడ్డి పేరని కొందరంటారు, ఆ వంశానికి ఏలికైన కాకతీయ గణపతిదేవుడి పేరని ఇంకొందరంటారు. రైలు స్టేషన్ ఉన్న ఘన్‌పూర్ స్టేషన్ ఘన్‌పూర్ అయితే, కోట ఉన్న ఘణపురం ఖిల్లా ఘణపూర్ అయింది. ఇన్ని ఘణపురాలలో మా ఊరిని గుర్తుపట్టేందుకు ఆనవాలుగా మిగిలింది, ఎన్నడో పాలన ముగిసిపోయిన ఒక కోట.

ఆ కోటనూ ఊరినీ ఏలినవాళ్లు పోయారు. కాకతీయులు పోయారు, కుతుబ్‌షాహీలు పోయారు, నిజాం పోయాడు. గుట్టల మీద గోడలు మాత్రం ఉన్నాయి. గుట్టల కింద గణపసముద్రం ఉంది. అది చెరువే. అయినా దాన్ని తవ్వించినవాళ్లు సముద్రమనే పిలిచారు, మనమూ అట్లాగే పిలుస్తున్నాం. కోట పని ఆగిపోయింది, చెరువు పని ఆగలేదు. వాన పడితే నిండుతుంది, నిండితే అలుగు పోస్తుంది, తూము తీస్తే మడికి నీళ్లు వస్తాయి. పాలన పోయినా దాని సేవ ఒక చేతి నుంచి ఇంకొక చేతికి అందుతూ ఇన్ని వందల ఏళ్లు వచ్చింది. ఇట్లా అందడానికి తెలుగులో ఏ మాట ఉంది అన్నదే నా ఆలోచన. ఎందుకంటే మా వనపర్తి జిల్లాలోనూ చుట్టుపక్కలా పాలనలు ముగియడం, పనులు చేతులు మారడం మళ్లీ మళ్లీ చూశాం. ప్రతిసారీ కాగితం మీద వాడిన మాటలు మూడే మూడు: రద్దు, విలీనం, బదిలీ.

రద్దు అరబ్బీ మాట. తిప్పి పంపడం, తోసిపుచ్చడం దాని అసలు అర్థం. చిత్తు కాగితాలు కొనేవాడు వీధిలో అరిచే రద్దీ కూడా ఈ మాట బిడ్డే. తోసేసిన కాగితం రద్దీ. తెలుగువాడు రద్దును ఎంత ఇష్టంగా తీసుకున్నాడంటే, పరీక్ష రద్దయినా, రైలు రద్దయినా, పట్టా రద్దయినా, శాసనసభ రద్దయినా ఒకే మాట. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయింది. శాసనసభ రద్దయితే మళ్లీ శాసనసభే వస్తుంది. పట్వారీ వ్యవస్థ రద్దయితే మళ్లీ పట్వారీ రాడు. తిరిగి వచ్చేదానికీ రానిదానికీ తేడా చూపే మాట మన కాగితాలలో లేదు. ఇది చిన్న లోటు కాదు. రద్దు అన్న మాట వినగానే పల్లె మనిషికి భయం వేసేది అందుకే.

విలీనం సంస్కృతం. ‘లీ’ అన్న ధాతువుకు అంటుకోవడం, ఒదిగిపోవడం, కరిగిపోవడం అన్న అర్థాలున్నాయి. ఈ ఒక్క ధాతువు నుంచే లయ, విలయం, ప్రళయం పుట్టాయి. దీని నుంచే నిలయం, ఆలయం కూడా పుట్టాయి. వచ్చి ఒదిగి ఉండే చోటు ఆలయం. పని ఒదిగి ఉండే చోటు కార్యాలయం. అంటే గ్రామ పంచాయతీ కార్యాలయం విలీనమైంది అని రాసినప్పుడు, ఇల్లు కట్టిన ధాతువుతోనే ఇల్లు కరిగిపోయిందని చెబుతున్నాం. ఉప్పు నీళ్లలో విలీనమవుతుంది. కరిగినా ఉప్పు రుచి నీళ్లకు వస్తుంది, ఎక్కడికీ పోదు. ఊరు విలీనమైతే దాని రుచి ఎక్కడ మిగలాలి?

2018 ఆగస్టు 2న రాష్ట్రమంతటా 68 కొత్త మునిసిపాలిటీలు పుట్టాయి. మా జిల్లాలో అప్పటిదాకా వనపర్తి ఒక్కటే మునిసిపాలిటీ. ఆనాటి నుంచి కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, అమరచింత కూడా ఆ వరసలో చేరాయి. ఆ నాలుగు ఊళ్ల పంచాయతీల కథ అక్కడితో ముగిసింది. ఆత్మకూరు, అమరచింత ఒకప్పుడు సంస్థానం ఏలిన ఊళ్లు. ఇటు వనపర్తి, అటు గద్వాల, కొల్లాపురం కూడా అంతే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం విలీనమైంది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఆ ఊపులోనే సంస్థానాలూ కనుమరుగయ్యాయి. వనపర్తి రాజావారి బంగళాలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల ఉంది. సంస్థానం అంటే కలిసి నిలబడిన చోటు, ‘స్థా’ ధాతువు. రాజు పోయాక ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న పాలనకు మనం పెట్టుకున్న పేరు స్థానిక సంస్థ. అందులో ‘స్థా’ రెండుసార్లు ఉంది. నిలబడడం అన్న మాటను రెండుమార్లు చెప్పి మరీ పేరు పెట్టుకున్నాం, దాన్ని తీసేయడానికి మాత్రం కరిగిపోవడం అన్న మాట తెచ్చుకున్నాం.

ఆ నాలుగు ఊళ్లకూ కొత్త పాలకవర్గం 2020 జనవరి ఎన్నికల తర్వాతే వచ్చింది. దాదాపు ఏడాదిన్నర ప్రత్యేకాధికారి పాలన. మునిసిపాలిటీ కావడంతో మంచి జరగలేదని నేను అనను. వీధి దీపాలకు, రోడ్లకు, మోరీలకు ఎక్కువ డబ్బు వచ్చే దారి తెరుచుకుంది. కానీ గ్రామీణ ఉపాధి హామీ పథకం పేరులోనే గ్రామీణం ఉంది. ఊరు పట్టణమైన నాడు ఆ పథకం ఆ ఊరికి లేకుండా పోతుంది. మా వైపు దాన్ని కరువు పని అంటారు. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా మట్టి మోసిన పాత పాలమూరు జిల్లాలో కరువు పని అంటే పథకం కాదు, వలసపోకుండా ఇంట్లో ఉండే రోజులు. పెబ్బేరులోనో అమరచింతలోనో రెక్కల కష్టం మీద బతికే ఆడమనిషికి విలీనం అన్న మాట ఏ అర్థంలో అందింది? కాగితంలో రాసిన అర్థంలో కాదు. ఆమె చేతిలో జాబ్ కార్డు ఉంది, దాని వెనుక ఉన్న పని కరిగిపోయింది.

ఇక బదిలీ. నేను ఎక్కువ సేపు ఆగాలనుకున్నది ఈ మాట దగ్గరే.

బదిలీకి మూలం అరబ్బీ ‘బదల్’. ఒకదానికి మారుగా ఇంకొకటి అని అర్థం. నిజాం కాలపు దఫ్తర్లలో ఉద్యోగి ఊరు మారితే తబాదలా అనేవారు, అదీ ఈ కుదురే. ఆ ‘బదల్’ మన భాషలోకి వచ్చి బదులు అయింది. తెలుగు దాన్ని ఎంత పెంచిందో చూడండి. ఒకరి బదులు ఇంకొకరు వస్తే అది స్థానం. అడిగినదానికి బదులు చెబితే అది జవాబు. పొరుగింటి నుంచి సోలెడు బియ్యం బదులు తెచ్చుకుంటే అది తిరిగి ఇవ్వవలసిన బాకీ. వడ్డీ లేదు, కాగితం లేదు, నోటి మాట మీద ఇచ్చేది చేబదులు. స్థానం, జవాబు, బాకీ: ఈ మూడూ ఒకే మాటలో ఉన్నాయి. బదిలీ అన్నప్పుడు ఈ మూడూ కదలాలి. కుర్చీ మారితే ఆ కుర్చీలో కూర్చున్నవాడు బదులు చెప్పాలి, పాతవాడు జనానికి పడ్డ బాకీ కొత్తవాడి మీదికి రావాలి. మనం మాత్రం బదిలీలో స్థానం ఒక్కటే ఉంచుకుని జవాబును, బాకీని వదిలేశాం.

ఇది ఊరికే అనడం లేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. తెలంగాణలో ఆ పదవుల పేర్లు పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్. తరతరాల పెత్తనం పోవడం న్యాయమే. నేనైతే ఆ రద్దును గట్టిగా సమర్థిస్తాను. కానీ పట్వారీ బస్తాలో పహాణీలతో పాటు ఎవరి భూమి ఎవరి అనుభవంలో ఉంది, ఏ గట్టు ఎక్కడ జరిగింది అన్న తెలివిడి ఉండేది. అది బస్తాలో కన్నా పట్వారీ తలలో ఎక్కువ ఉండేది. బస్తా బదిలీ కావచ్చు, తల బదిలీ కాదు. మరుసటి ఏడు, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కచేరీ ఊరికి దగ్గరైంది. ఘణపూర్ తానే మండల కేంద్రమైంది. అది మేలైన మార్పు.

తర్వాత గ్రామ రెవెన్యూ అధికారులు, అంటే వీఆర్వోలు, వచ్చారు. 2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థ కూడా పోయింది. రికార్డులు 7వ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకల్లా అప్పజెప్పాలని ఆదేశం వెళ్లింది. ఊరి భూముల లెక్క చేతులు మారడానికి ఒక పూట. లంచాల మీద జనం కోపం నిజమైనదే, ఆ నిర్ణయానికి చప్పట్లు కొట్టినవాళ్లలో రైతులూ ఉన్నారు. అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పేరు తప్పు పడ్డవాడు, విస్తీర్ణం తగ్గినవాడు మీసేవకు పోతే కంప్యూటరు చూపేదే చెప్పారు. తహసీలుకు పోతే తమ చేతిలో లేదన్నారు. “మరి ఎవరికి చెప్పుకోవాల సారూ?” అన్నది ఆ అయిదేళ్లలో మా మండలాల్లో ఎక్కువగా వినపడ్డ మాట. ఆ ప్రశ్న కోరేది బదులు. బదిలీ జరిగింది, బదులు లేదు. అయిదు వేల పైచిలుకు వీఆర్వోలను 2022లో లాటరీ తీసి వేరే వేరే శాఖలకు పంపారు. ధరణి స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్‌లో వచ్చింది, గ్రామ పాలనాధికారులు అదే ఏడు సెప్టెంబరులో వచ్చారు. తీసేసిన మనిషిని అయిదేళ్లకు మరో పేరుతో వెతుక్కున్నామంటే, ఊరికి బదులు చెప్పే మనిషి ఒకడు కావాలని ఒప్పుకున్నట్టే.

2023లో గ్రామ రెవెన్యూ సహాయకులను, అంటే వీఆర్ఏలను కూడా వివిధ శాఖల్లో సర్దారు. పాతకాలపు మస్కూరి, సేత్‌సింధీ, నీరటి పనులకు వాళ్లే వారసులు. మళ్లీ గణపసముద్రం కట్ట మీదికి వస్తున్నాను. నీరటి అంటే చెరువు నీళ్ల లెక్క తెలిసినవాడు. ఏ తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడి ముందు తడవాలో, అలుగు ఎంత ఎత్తున పారితే కట్టకు ప్రమాదమో అతనికి తెలుసు. ఆ పనికి ఒక సామాజిక అన్యాయం తోడుంది. అది తరాల తరబడి కొన్ని కులాల నెత్తిన వేసిన పని. అది పోవలసిందే. కానీ అతని తెలివిడిని కూర్చుని రాసుకున్న దఫ్తరు ఎన్ని ఊళ్లలో ఉంది?

ఇక్కడ తెలుగుకు తనదైన మాట ఒకటి ఉంది. కోస్తాలో అప్పగింత అంటారు. మా వైపు పెళ్లిళ్లలో ఒప్పగింత అంటారు. బడిలో పిల్లవాడు పాఠం ఒప్పజెబుతాడు. కృష్ణ దాటి రాయచూరు పోతే కన్నడంలో ‘ఒప్పిసు’ అంటే అప్పగించు అని, పాఠం వల్లించు అని రెండు అర్థాలూ ఉన్నాయి. తమిళంలో ‘ఒప్పడై’ అన్నా చేతికి అప్పగించడమే. వీటన్నిటిలో ఉన్నది ఒప్పు: సమ్మతి, సరిపోవడం, తగి ఉండడం. ఒప్పగింత ఒకరు విసిరేసేది కాదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే జరిగేది. పాఠం ఒప్పజెప్పడంలో, విన్న పంతులు సరే అనాలి. పెళ్లి ఒప్పగింతలో తల్లి ఏం చేస్తుంది? బిడ్డ చేతిని పాలలో ముంచి అత్త చేతికి, మామ చేతికి, ఆడబిడ్డ చేతికి, ఇంటిల్లిపాది చేతికి వరసగా అందిస్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతుంది. బిడ్డకు ఏది తెలుసో ఏది తెలియదో, దేన్ని ఓర్చుకోలేదో చెబుతుంది. తీసుకునేవాళ్లు తలూపుతారు. పదిమంది చూస్తుంటారు. రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో ఆ పదిమందికీ తెలుసు.

ఆఫీసు భాషలో మనం చార్జి ఇచ్చాడు, చార్జి తీసుకున్నాడు అంటాం. రెండు సంతకాలు, ఒక తేదీ. అందులో ఊరు లేదు. ఒప్పగింతలో ఊరు సాక్షి.

2024 ఫిబ్రవరి 1తో రాష్ట్రంలో గ్రామ పంచాయతీల గడువు ముగిసింది. మా ఘణపూర్ కూడా అందులోదే. సర్పంచి దిగిపోయాడు, ప్రత్యేకాధికారి వచ్చాడు. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు. అంతకాలం నల్లా రాకపోతే, మోరీ నిండితే, వీధి దీపం వెలగకపోతే బదులు చెప్పవలసిన అధికారికి తన శాఖ పని ఒకటి, మీదపడిన ఊళ్లు మరికొన్ని. ఆ అధికారులను నేను తప్పు పట్టను. ఇచ్చినవాడు ఒప్పజెప్పనిది పుచ్చుకున్నవాడు ఎట్లా నెరవేరుస్తాడు?

అందుకని అధికారులకు నా మనవి ఒకటే. ఏ ఊరి పాలననైనా ముగించే రోజు వస్తే, ఆ ఉత్తర్వులో రద్దు, విలీనం, బదిలీ ఉండనివ్వండి, చట్టానికి అవి కావాలి. వాటి కింద ఒప్పగింత అన్న శీర్షికతో ఇంకో కాగితం రాయండి. నీళ్లకు ఎవరు, మోరీకి ఎవరు, భూమి లెక్కకు ఎవరు, చావు పుట్టుకల పత్రానికి ఎవరు, కరువు పని పోయిన ఇంటికి ఎవరు అని మనిషి హోదాతో, కూర్చునే చోటుతో రాయండి. గ్రామసభ పెట్టి పాతవారు కొత్తవారికి అందరి ముందు చదివి వినిపించాలి. తర్వాత ఆ కాగితాన్ని పాత పంచాయతీ గోడకే అంటించండి. జనం ఇంకా కొన్నేళ్లు అలవాటుగా ఆ గోడ దగ్గరికే వస్తారు.