ఆగిన బండి, లాగిన చేతులు

కారు ఎప్పుడైనా హైవే మధ్యలో మొరాయించిందా మీకు? పక్కనుంచి పెద్ద ట్రక్కులు హోరుమని పోతుంటే మన కారు ఊగిపోతుంది. వెనక సీట్లో పిల్లలు బిక్కచచ్చిపోయి ఉంటారు. అప్పుడు పసుపు లైటు తిప్పుకుంటూ వచ్చే టో ట్రక్కుని చూస్తే దేవుడే వచ్చినట్టు ఉంటుంది. ఈసారి ఆ ట్రక్కు కథ చెప్పుకుందాం. అమెరికాలో ఉంటున్న మనం రోజూ చూస్తూనే ఉంటాం కానీ, దాని వెనక వందేళ్ళ పైబడిన చరిత్ర ఉందని చాలామందికి తెలియదు.

అది 1916. టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా ఊళ్ళో ఎర్నెస్ట్ హోమ్స్ అనే ఆయనకి ఒక గ్యారేజీ ఉండేది. తెలిసినాయన ఫోర్డ్ మోడల్ టి కారు వాగులో పడిపోతే తీసిపెట్టమని ఈయన్ని పిలిచారు. తాళ్ళు, దిమ్మెలు, అరడజను మంది మనుషులు, దాదాపు రోజంతా చాకిరీ. మన ఊళ్ళలో బురదలో దిగబడిన బండిని పదిమంది కలిసి తోసినట్టే అనుకోండి. కారు బయటికొచ్చింది కానీ, ఇంత చిన్న పనికి ఇంత కష్టమా అన్న ఆలోచన హోమ్స్‌ని వదల్లేదు. పాత 1913 మోడల్ కాడిలాక్ కారు మీద మూడు స్తంభాలు, ఒక కప్పీ, గొలుసు బిగించాడు. అదే మొదటి టో ట్రక్కు.

మొదట్లో అది సరిగా పనిచేయలేదు. వెనక బరువు లాగుతుంటే లాగే బండే తూగిపోయేది. బావిలోంచి బరువైన బిందె తోడేటప్పుడు మనం కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాం కదా, హోమ్స్ కూడా బండికి పక్కన ఊతకాళ్ళు అమర్చాడు. దాంతో బండి నిలదొక్కుకుంది. తర్వాత పేటెంటు తీసుకుని వాటిని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కూడా ఆయన కంపెనీ యంత్రాలు వాడింది.

ఆ రోజుల్లో రోడ్లు ఎలా ఉండేవో తెలియాలంటే 1919 సంగతి వినాలి. సైన్యం 81 వాహనాలతో వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఒక యాత్ర చేయించింది. జూలై 7న బయల్దేరినవాళ్ళు సెప్టెంబర్ 6న చేరారు. 62 రోజులు! సుమారు 3,250 మైళ్ళు, సగటున గంటకి ఆరు మైళ్ళు. ఇప్పుడు మనం విమానంలో ఆరు గంటల్లో పోతున్నాం. దారిలో ట్రక్కులు బురదలో, ఇసుకలో దిగబడటం, చెక్క వంతెనలు విరగడం నిత్యకృత్యం. విరిగిన వంతెనలను వాళ్ళే బాగుచేసుకుంటూ వెళ్ళారు. వెంట తీసుకెళ్ళిన మిలిటర్ అనే లాగుడు బండి లేకపోతే ఆ యాత్ర ఎక్కడో ఒకచోట ఆగిపోయేదే. ఆ గుంపులో ఐసెన్‌హోవర్ అనే 28 ఏళ్ళ సైనికాధికారి ఉన్నాడు. ఆయనే తర్వాత అధ్యక్షుడై, 1956 జూన్ 29న ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం పెట్టాడు. 41,000 మైళ్ళ రహదారులకి అదే పునాది. మనం పిల్లల్ని కాలేజీలో దింపడానికి, గుడికి, పెళ్ళిళ్ళకి పోయే రోడ్లు ఇవే.

ఇదంతా మగవాళ్ళ లోకం అనుకుంటున్నారా? టెక్సస్‌లోని హెంప్‌స్టెడ్‌లో లిల్లీ డ్రెన్నన్ అనే ఆవిడ ఉండేది. చిన్నప్పుడు జబ్బు చేసి వినికిడి బాగా తగ్గింది. 1929లో ట్రక్కు లైసెన్స్ కోసం వెళితే అధికారులు చెవుల సంగతి ఎత్తి అడ్డు చెప్పారు. ఆవిడ వాళ్ళతో వాదించి మరీ తెచ్చుకుంది. అమెరికాలో ట్రక్కు లైసెన్స్ పొందిన తొలి మహిళగా ఇప్పటికీ ఆవిడ పేరే చెబుతారు. సొంత ట్రక్కుల కంపెనీని ఇరవై ఏళ్ళకి పైగా నడిపింది. యుద్ధకాలంలో ఆడవాళ్ళని డ్రైవర్లుగా తయారుచేయడానికి సైన్యం ఆవిడ సాయం కోరింది.

1970ల్లో పెట్రోలు కరువు వచ్చి, 55 మైళ్ళ వేగ పరిమితి పెట్టాక, ట్రక్కు డ్రైవర్లు సీబీ రేడియోని బాగా పట్టుకున్నారు. డీజిల్ ఎక్కడ దొరుకుతుంది, పోలీసులు ఎక్కడున్నారు, ఎవరి బండి ఆగింది, అన్నీ అందులోనే. మన వాట్సాప్ గ్రూపు లాంటిదే అన్నమాట. 19వ ఛానెల్ ట్రక్కులవాళ్ళ కబుర్లకి, 9వది అత్యవసరానికి.

చాటనూగాలో ఇప్పుడు టో ట్రక్కుల మ్యూజియం ఉంది. అటువైపు వెళితే పిల్లల్ని తీసుకెళ్ళండి. పాత బండ్లు ముచ్చటగా ఉంటాయి. కానీ దాని బయట ఉన్న గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇతరుల బండ్లు లాగడానికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు ఉంటాయి అక్కడ. వాళ్ళలో చాలామందిని పొట్టన పెట్టుకున్నది దారిన పోయే బండ్లే.

1994లో సౌత్ కరొలినాలో ప్రమాదం దగ్గర సాయం చేస్తున్న ఒక పారామెడిక్‌ని కారు గుద్దింది. తప్పు ఆయనదే అని రిపోర్టు రాశారు! ఆయన ఊరుకోలేదు, చట్టం కావాలని పట్టుబట్టాడు. 1996లో ఆ రాష్ట్రంలో "మూవ్ ఓవర్" చట్టం వచ్చింది. 2012కల్లా 50 రాష్ట్రాల్లోనూ వచ్చింది. మొదట్లో పోలీసులకి, అంబులెన్సులకే అనుకున్నది, తర్వాత టో ట్రక్కులకీ వర్తింపజేశారు.

నాలా నైట్ డ్యూటీ దిగి నిద్రమత్తులో ఇంటికి నడుపుకుంటూ వచ్చే నర్సులు మనలో ఎంతమందో. రోడ్డు పక్కన లైట్లు తిరుగుతూ కనిపిస్తే పక్క లేనులోకి జరగండి. వీలుకాకపోతే వేగం బాగా తగ్గించండి. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్న పిల్లలకీ, ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్టీరింగ్ పట్టిన అమ్మానాన్నలకీ ఈ మాట చెప్పండి. ఆ బండి పక్కన వంగి గొలుసు తగిలిస్తున్న మనిషి కోసం కూడా ఇంట్లో ఎవరో అన్నం పెట్టుకుని ఎదురుచూస్తుంటారు.