సైబరాబాదు – కొన్ని మాటల చరిత్ర

హైదరాబాదునకు పడమటనున్న శేరిలింగంపల్లి పేరులోనే పాతచరిత్ర కలదు. శేరి యనగా ప్రభువు తనకై సాగు చేయించుకొను భూమి. ఆ ప్రాంతముననే, మాదాపురమునందు, 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. రాళ్లగుట్టల నడుమ వెలసిన ఆ నగరభాగమునకు సైబరాబాదు అను పేరు వ్యాపించెను. 2003లో ఆ పేరనే పోలీసు కమిషనరేటు కూడ ఏర్పడినది.

సైబర్ శబ్దమునకు మూలము ఓడ నడపువాడను అర్థముగల గ్రీకుపదము. సంస్కృతమున కర్ణధారుడన్నను అదియే. 1948లో అమెరికా గణితవేత్త నార్బర్టు వీనరు, యంత్రములను ప్రాణులను నడుపు విధమును గూర్చిన తన శాస్త్రమునకు ఆ పదమునుండియే పేరు కల్పించెను. కావున సైబరాబాదు అర్థముచేత కర్ణధారపురమగును. అయితే మన సొమ్మునకు చుక్కాని ఎవరి చేతనున్నది? ఇది తెలియుటకు మఱికొన్ని మాటలెరుగవలెను.

కంప్యూటరు అను మాట తొలుత మనుష్యునికే చెల్లెడిది; లెక్కలు కట్టువానిని ఇంగ్లీషువారట్లు పిలిచెడివారు. పిమ్మట అది యంత్రమునకు సంక్రమించినది. 1960 తరువాతి యేండ్లలో ఒక్క యంత్రమును పలువురు పంచుకొనవలసివచ్చెను. ఒకరి వ్రాతలొకరు చూడకుండుటకై మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము నిచ్చిరి. అదియే పాస్‌వర్డు.

1969లో అమెరికాలో దూరదూరమున నున్న యంత్రములను తీగలతో కలిపిరి. అట్టి కూర్పు నెట్‌వర్కు. మన గొలుసుచెరువులను తలచుకొనుడు: పైచెరువు అలుగు పారిన నీరు క్రిందిచెరువునకు దిగును, నీటివెంట నాచును దిగును. 1995 ఆగస్టు 15 నుండి మన దేశమున సామాన్యులకును ఇంటర్నెట్టు లభించినది. దానినే అంతర్జాలమందురు. జాలమనగా వల, ఇంద్రజాలమన్నచోట మాయయు నగును. రెండర్థములును ఇచట పొసగును.

బ్యాంకువారమని నమ్మించి ఎర చూపుట ఫిషింగు, అనగా గాలము వేయుట. ఓటీపీ యనగా ఒక్కసారికే చెల్లు అంకెలు. సొమ్ము తీయుచున్నది మీరేనా యని బ్యాంకు మిమ్మడుగు ప్రశ్న అది. పూర్వపుదొంగ గోడకు కన్నము వేసెడివాడు. నేటిదొంగ యజమాని చేతనే గడియ తీయించుచున్నాడు. అంకెలు చెప్పితిమా, వడ్లమ్మిన సొమ్మును పింఛనును నిమిషములో పోవును.

సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కనక్కరలేదు. ఇచ్చుటకే అది కావలెను. ఫోనులోనే నిర్బంధించితిమని గద్దించు 'డిజిటల్ అరెస్టు' మన చట్టమున లేదు. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. దొంగ ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు సొమ్ము మార్చుచుండును. ఎంత త్వరగా చెప్పిన అంతమేరకు బ్యాంకులు దానిని నడుమ నిలుపగలవు. ఈ మాట ఇంటనున్న స్త్రీలకును, చదువురాని ఇరుగుపొరుగువారికిని మీరే చెప్పవలెను.