స్పోర్ట్ టూరర్ అంటే యాభై దాటినవాళ్ల బండేనా?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

పోయిన నెల మా నాన్న అడిగారు, "ఏరా, నీ బండి తాళం ఒక్క రోజు ఇస్తావా? శ్రీశైలం వెళ్లొస్తాను" అని. ఆయనకి 58. పెళ్లికి ముందు ఆర్‌ఎక్స్ 100 నడిపేవారు. నేను పుట్టాక అది అమ్మేసి స్కూటర్ కొన్నారు, తర్వాత కారు. మళ్లీ మోటార్‌సైకిల్ ముట్టుకోలేదు. నేను ఏమీ ఆలోచించకుండా "ఈ వయసులో ఎందుకు నాన్నా" అనేశాను. ఆయన ఇంకేమీ అనలేదు. పేపర్ తీసుకుని కూర్చున్నారు.

నా దగ్గరున్నది స్పోర్ట్ టూరర్ తరహా బండి. తమాషా ఏంటంటే, అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో ఈ తరహా బండి అనగానే గుర్తొచ్చేది నా వయసు వాళ్లు కాదు, మా నాన్న వయసు వాళ్లే. ఎందుకలా? వయసు పెరిగితే ఈ బళ్ల మీద మనసు పడుతుందా? దాని కథే ఈరోజు చెప్పుకుందాం.

ముందు, స్పోర్ట్ టూరర్ అంటే ఏంటి? రేస్ బండిలాగా వేగం, మలుపుల్లో పట్టు ఉండాలి. కానీ ఆరు గంటలు కూర్చున్నా మణికట్లు, నడుము పట్టేయకూడదు. అందుకని హ్యాండిల్ కాస్త ఎత్తుగా, ఫుట్‌రెస్టులు కాస్త కిందికి, ముందు గాలిని ఆపే ఫెయిరింగ్, వెనక సామాను పెట్టెలకి చోటు. గాలి విషయం తేలిగ్గా తీసుకోకండి. వేగం రెట్టింపైతే గాలి తోసే బలం నాలుగు రెట్లవుతుంది. 60లో హాయిగా ఉన్న గాలి 120లో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టు ఉంటుంది.

ఈ సమస్యని కంపెనీ స్థాయిలో గట్టిగా పట్టుకున్న బండి బీఎండబ్ల్యూ ఆర్ 100 ఆర్‌ఎస్. 1976లో వచ్చింది. హాన్స్ ముత్ డిజైన్ చేశారు. దాని ఫెయిరింగ్‌ని ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్ల విండ్ టన్నెల్‌లో గాలి పెట్టి పరీక్షించి మరీ తయారుచేశారు. ఆధునిక స్పోర్ట్ టూరర్ కథ ఇక్కడే మొదలైందని చాలామంది అంటారు.

ఇక మనుషుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946 నుంచి 1964 దాకా అమెరికాలో పిల్లలు విపరీతంగా పుట్టారు. వాళ్లనే బేబీ బూమర్స్ అంటారు. 1969లో హోండా సీబీ 750 వచ్చేసరికి ఆ తరంలో పెద్దవాళ్లకి 23 ఏళ్లు. చేతిలో జీతం, ఎదురుగా నాలుగు సిలిండర్ల బండి. ఇంకేం కావాలి చెప్పండి?

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఇది స్పోర్ట్ టూరర్లది మాత్రమే కాదు, అక్కడి మోటార్‌సైకిల్ ఓనర్లందరిదీ. అమెరికా మోటార్‌సైకిల్ ఇండస్ట్రీ కౌన్సిల్ సర్వేల ప్రకారం ఓనర్ల మధ్యస్థ వయసు 1990లో 32, 2003లో 41, 2018లో 50. మధ్యస్థం అంటే అందరినీ వయసు వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల వయసు.

1990 నుంచి 2018కి 28 ఏళ్లు. ప్రతి ఏడాదీ కుర్రాళ్లు మునుపటిలాగే వచ్చి చేరుతూ ఉంటే ఆ సంఖ్య 32 దగ్గరే ఉండాలి. కొత్తవాళ్లు ఒక్కరూ రాకుండా పాతవాళ్లే మిగిలిపోతే 60 అవ్వాలి. వచ్చింది 50. అంటే కొత్తవాళ్లు వచ్చారు, కానీ తక్కువ. బళ్ల మీద ఉన్నది ఎక్కువగా అదే తరం. వయసు వచ్చాక మనుషులు బైకుల వైపు వెళ్లలేదండీ. బైకుల మీద ఉన్న మనుషులకే వయసు వచ్చింది.

వాళ్లతో పాటు బళ్లూ మారాయి. యమహా ఎఫ్‌జే 1100 కథ భలే ఉంటుంది. 1984లో వచ్చినప్పుడు అది స్పోర్ట్స్ బైక్. మూడేళ్లకి అదే కంపెనీ ఇంకా చురుకైన ఎఫ్‌జెడ్‌ఆర్ 1000 దించింది. దాంతో ఎఫ్‌జే మెల్లగా దూరప్రయాణాల బండి అయిపోయింది. అన్నయ్యకి పెళ్లయ్యాక క్రికెట్ టీమ్‌లో ఓపెనర్ నుంచి అంపైర్ అయిపోయినట్టు! 1990లో హోండా ఎస్‌టీ 1100, 2001లో యమహా ఎఫ్‌జేఆర్ 1300 వచ్చాయి. ఇవైతే పుట్టుకతోనే టూరింగ్ బళ్లు. ధర ఎక్కువ, సౌకర్యం ఎక్కువ. ఇంటి లోన్ ఒక కొలిక్కి వచ్చి, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయిన ఇంట్లో నప్పే బళ్లు అన్నమాట.

జపాన్ కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ 1982లో టూవీలర్ల అమ్మకాలు శిఖరానికి వెళ్లాయి, ఏడాదికి 32 లక్షలు దాటాయి. సరిగ్గా అదే ఏడాది హైస్కూల్ పేరెంట్స్ సంఘం దేశమంతా ఒక ఉద్యమం చేపట్టింది. "మూడు వద్దులు" అనుకోండి: లైసెన్స్ తీసుకోవద్దు, బండి కొనొద్దు, నడపొద్దు. దీనికి తోడు 1975 నుంచి 400 సీసీ దాటిన బండికి లైసెన్స్ కావాలంటే పోలీసుల టెస్ట్ సెంటర్‌కే వెళ్లి పరీక్ష ఇవ్వాలి. అందులో పాసవడం మహా కష్టం. 1996లో రూల్ మార్చి, డ్రైవింగ్ స్కూల్‌లోనే నేర్చుకుని లైసెన్స్ తీసుకోవచ్చన్నారు. అప్పుడు, కుర్రతనంలో కోరిక తీరనివాళ్లు తిరిగొచ్చారు. వాళ్లకి అక్కడ "రిటర్న్ రైడర్" అని పేరే ఉంది. 2019 నాటికి కొత్త బండి కొనేవాళ్ల సగటు వయసు 55 దగ్గరికి చేరింది. ఒక తరాన్ని ఆపింది రూలు, తిరిగి రప్పించింది కూడా రూలే.

మరి మన దగ్గర? పూర్తిగా తిరగబడింది. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చింది. 223 సీసీ, ముందు సగం ఫెయిరింగ్, నిటారుగా కూర్చునే పొజిషన్. కొలతలో చిన్నదే కానీ స్వభావంలో స్పోర్ట్ టూరరే. 2011లో హోండా సీబీఆర్ 250 ఆర్ వచ్చింది. మన దగ్గర వీటి మీద మోజు పడింది కాలేజీ కుర్రాళ్లు, అప్పుడే ఉద్యోగాల్లో చేరినవాళ్లు. నాకు తోచిన కారణం ఇది. అమెరికాలో చాలా ఇళ్లలో కారు ముందుంటుంది, బైక్ సరదా. మన ఇళ్లలో బైక్ ముందు వస్తుంది. పెళ్లయి, పిల్లలు పుట్టి, బండి మీద నలుగురు పట్టక కారు కొంటాం. బైక్ ఆ రోజుతో మూలన పడుతుంది. అంటే స్పోర్ట్ టూరర్‌కి సొంత వయసంటూ లేదు. జీతం, ఇల్లు, లైసెన్స్ రూలు కలిసి ఎక్కడికక్కడ ఒక వయసు పెడతాయి.

ఆ "పెద్దోళ్ల బళ్లు" అని నవ్వే ముందు ఒకటి చెప్పాలి. ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మోటార్‌సైకిల్‌కి మొదట వచ్చింది 1988లో, బీఎండబ్ల్యూ కె 100 మీద. అప్పుడది జేబులో డబ్బున్న టూరింగ్ రైడర్లు పెట్టుకునే ఖరీదైన ఆప్షన్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. ఈరోజు మీ 150 సీసీ బండి వాన రోడ్డు మీద జారకుండా ఆగుతోందంటే, ఒకప్పుడు ఆ అంకుల్స్ డబ్బు పెట్టి కొన్నందుకే కదా.

ఇక్కడిదాకా వింటే నాన్నకి తాళం ఇచ్చేయాలి అనిపిస్తుంది. ఆగండి, రెండో వైపు కూడా చూద్దాం. అమెరికాలో 1975లో బైక్ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో దాదాపు 80 శాతం 30 ఏళ్ల లోపువాళ్లు. 50 దాటినవాళ్లు 3 శాతం. ఈమధ్య సంవత్సరాల్లో ఆ 3 శాతం కాస్తా మూడో వంతు అయింది. నడిపేవాళ్లలో పెద్దవాళ్లు పెరిగారు కాబట్టి ఈ సంఖ్యా పెరుగుతుంది, నిజమే. కానీ పాతికేళ్లు బండి వదిలేసి తిరిగొచ్చినవాళ్లకి ఇంకో చిక్కుంది. చేతికి గుర్తున్నది పాత వంద సీసీ బండి. కింద ఉన్నది దానికి రెండింతల బలమున్న బండి.

ఇదే చిక్కు 18 ఏళ్ల కుర్రాడికీ ఉంది. యూరప్‌లో చిన్న బండి నుంచి పెద్ద బండికి మెట్లు మెట్లుగా లైసెన్స్ ఇస్తారు. మన దగ్గర 18 నిండితే 100 సీసీకీ 1300 సీసీకీ ఒకటే లైసెన్స్. 2022లో మన రోడ్ల మీద చనిపోయినవాళ్లలో 44 శాతం పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. కాబట్టి అడగాల్సింది "నీ వయసెంత" అని కాదు. "ఈ బండి నీ చేతికి ఎంత అలవాటు" అని. ఆ ప్రశ్న నన్ను నేనూ ఎప్పుడూ అడగలేదు.

మొన్న ఆదివారం నాన్నకి తాళం ఇచ్చాను. శ్రీశైలానికి కాదు, మా కాలనీ వెనక గ్రౌండ్‌కి. యూ టర్న్‌లో రెండుసార్లు కాలు కింద పెట్టేశారు. గట్టిగా బ్రేక్ వేసి ఆపడం పదిసార్లు చేశారు. "ఇదేంట్రా, లివర్ కొట్టుకుంటోంది" అన్నారు, ఏబీఎస్ పనిచేస్తుంటే. తర్వాత నన్ను ఎక్కమని, నేను బ్రేక్ వేస్తుంటే పక్కన నిలబడి చూశారు. "నువ్వూ ఆలస్యంగానే వేస్తున్నావు" అన్నారు. నిజమే.

శ్రీశైలం ఇంకా వెళ్లలేదు. ఈ ఆదివారం కూడా గ్రౌండే. మీ ఇంట్లో నాన్నకో, బాబాయికో, మావయ్యకో ఒకప్పుడు ఏ బండి ఉండేది, ఎప్పుడు అమ్మేశారు, ఒకసారి అడగండి. వాళ్లు చెప్పింది కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, స్ట్రాప్ బిగించండి. ఉంటాను.